గాలం తాడు బిగిసిన వేళ

పూడిమడక సముద్రంలో కొమ్ము కోనాం బలిగొన్న ఒక బతుకు

2025 జూలై 2, బుధవారం. ఊరంతా నిద్రలో ఉండగా, తెల్లవారుజామున రెండు గంటల వేళ అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలం పూడిమడక తీరం నుంచి ఒక పడవ బయల్దేరింది. అందులో నలుగురు మత్స్యకారులు ఉన్నారు. ఏప్రిల్ 15న మొదలైన 61 రోజుల వేట నిషేధం ముగిసి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. నిషేధ కాలానికి ప్రభుత్వం ఇంటికి 20 వేల రూపాయల భృతి ఇచ్చింది. అది రెండు నెలల పొయ్యికి ఎంతవరకు సరిపోతుందో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. వేట తెరిచిన మొదటి రోజుల్లో ఒక్క పెద్ద చేప పడినా ఆ ఇంటికి ఊపిరి తిరుగుతుంది.

తొమ్మిది గంటలయ్యేసరికి పడవ తీరానికి 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. గాలానికి ఏదో బరువైనది తగిలింది. తాడు బిగిసింది. పడింది కొమ్ము కోనాం!

సముద్రానికి దూరంగా ఉన్న మదనపల్లె, పుంగనూరు, కలకడ వంటి ఊళ్లలో చేపంటే చెరువు చేపే కళ్లముందు మెదులుతుంది. కొమ్ము కోనాం సంగతి వేరు. పై దవడ ఈటెలా ముందుకు పొడుచుకొస్తుంది. నల్ల మార్లిన్‌నీ, వీపు మీద తెరచాప లాంటి రెక్క ఉండే సెయిల్‌ఫిష్‌నీ మన తీరంలో ఈ పేరుతోనే పిలుస్తారు. గాలం తగిలిందంటే ముందు ఒక్క ఉరుకున పారిపోతుంది. తర్వాత నీళ్లలోంచి పైకి ఎగిరి తల విదిలిస్తుంది. అలసిందని తాడు దగ్గరకు లాగుతుంటే పడవ పక్కనే మళ్లీ తిరగబడుతుంది. వేటగాడికి అన్నిటికన్నా ప్రమాదమైన ఘడియ అదే.

ఆ రోజూ అదే జరిగింది. చేపను పడవలోకి లాగుతున్న మత్స్యకారుణ్ని అది తాడుతో సహా సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. తోటివాళ్ల కళ్లముందే మనిషి మునిగిపోయాడు. వాళ్లు చుట్టుపక్కలంతా గాలించారు. ఎక్కడా కనిపించలేదు. కబురు ఒడ్డుకు చేరాక ఊరి పడవలు వెతకడానికి కదిలాయి. ఇంటికి ఆసరా అవుతుందనుకున్న చేపే ఇంటి మనిషిని తీసుకుపోయింది.

ఈ తీరానికి ఇది మొదటి దెబ్బ కాదు. 2022 ఫిబ్రవరిలో పక్కనే ఉన్న పరవాడ మండలం నుంచి వేటకు వెళ్లిన ఒక మత్స్యకారుడు ఇదే జాతి చేప కొమ్ము పొట్టలో దిగి ప్రాణం విడిచాడు.

ఇదే చేపను ఆటగా పట్టడానికి లోకంలో డబ్బు చెల్లించి వెళ్లేవాళ్లూ ఉన్నారు. మన అండమాన్‌లోనే పోర్ట్‌బ్లెయిర్, హేవ్‌లాక్‌ల నుంచి పడవలు అద్దెకు తీసుకుని సెయిల్‌ఫిష్ కోసం, పగడపు దిబ్బల దగ్గర తిరిగే పెద్ద పార చేపల కోసం పర్యాటకులు వెళ్తుంటారు. 1953 ఆగస్టు 4న పెరూ దేశంలోని కాబో బ్లాంకో దగ్గర ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ అనే అమెరికన్ 707 కిలోల నల్ల మార్లిన్‌ను గాలంతో పట్టాడు. ఆ రికార్డు నేటికీ చెరగలేదు.

అంతటి చేపతో తలపడి ఆయన క్షేమంగా ఒడ్డుకు చేరడంలో పనిముట్ల పాత్ర పెద్దది. ఆటగాడి తాడు రీలుకు చుట్టి ఉంటుంది. రీలు లోపల బిళ్లల బ్రేకు ఉంటుంది. తాడు తెగే బలంలో మూడో వంతుకో నాలుగో వంతుకో దాన్ని ముందే బిగించి పెడతారు. చేప అంతకు మించి లాగితే రీలు తనంతట తానే తిరిగి తాడు వదులుతుంది. మనిషి కుర్చీ పడవకు బిగించి ఉంటుంది. మన మత్స్యకారుడికి రీలు, బ్రేకు, కుర్చీ అన్నీ తన రెండు చేతులే. నైలాను తాడు జారకుండా అరచేతికి ఒక్క మెలిక వేశాడంటే, చేప ఉరికినప్పుడు ఆ మెలిక ఉచ్చులా బిగుస్తుంది. విప్పుకునే వ్యవధి ఉండదు.

అన్ని హంగులూ ఉన్న పడవలోనూ ఆ మెలిక మనిషిని వదల్లేదు. 1994లో అమెరికాలోని నార్త్ కరోలినా తీరంలో మార్లిన్‌ను పడవ దగ్గరకు లాగుతున్న సహాయకుడి చేతికి తాడు చుట్టుకుంది. చేప అతణ్ని లోతుకు లాక్కుపోయింది. అనుభవం ఉన్నవాడే, చుట్టూ మనుషులున్నారు. అయినా దక్కలేదు.

చేపకు పగ లేదు, అది ప్రాణం దక్కించుకోవడానికే లాగుతుంది. మన మనిషిని దక్కించుకోవలసింది మనం. ఇందుకు కావలసినవి ఖరీదైనవేమీ కావు. చేతికి మందపాటి గ్లోవ్స్ ఉండాలి. తాడును ఎంత తొందరలో ఉన్నా చేతికి చుట్టకూడదు, పడవలో పడిన చుట్టల మధ్య కాలు పెట్టకూడదు. తాడు చివర పెద్ద తేలుడు బుంగ కట్టి ఉంటే, చేప మరీ లాగినప్పుడు మొత్తం నీళ్లలోకి విసిరేసి, అది అలసిపోయాక వెంబడించి పట్టుకోవచ్చు. చేతికందే చోట పదునైన కత్తి, ఒంటి మీద లైఫ్‌జాకెట్ ఉండాలి.

మనిషి పోయాక ఇచ్చే పరిహారం కన్నా ఈ సామగ్రికి అయ్యే ఖర్చు ఎంతో తక్కువ. ఏటా జూన్ 14తో నిషేధం ముగుస్తుంది. ఆలోగా గాలం వేటకు వెళ్లే ప్రతి పడవకూ మత్స్యశాఖ వీటిని అందించాలి. వాడే పద్ధతిని అనుభవమున్న సరంగుల చేత కుర్రవాళ్లకు ఒడ్డు మీదే నేర్పించాలి. పూడిమడకలో పోయిన ప్రాణానికి మనం చెల్లించగలిగిన బాకీ ఇదొక్కటే.