మూడవ పేరు



సంధులూ సమాసాలూ తప్ప మరొకటి ఎరుగని తెలుగు పండితుడు ఫుట్‌బాల్ గురించి వ్రాయడమేమిటని ఆశ్చర్యపోకండి. ఇది నేను ఒక విద్యార్థికి పడిన బాకీ.

1996లో భద్రాచలం ఏజెన్సీలోని ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తుండేవాణ్ణి. సాయంత్రం పిల్లలు రెండు ఇప్పచెట్లను గోలుస్తంభాలుగా చేసుకొని ఉత్తకాళ్ళతో బంతి ఆడేవారు. అట్లాంటా ఒలింపిక్స్ జరుగుతున్న రోజులవి. తొమ్మిదో తరగతి కోయ పిల్లవాడొకడు చెమటతోనే వచ్చి, “సార్, ఒలింపిక్స్‌ల మనోళ్ళెవరన్న ఫుట్‌బాల్ ఆడిండ్రా? గోల్ కొట్టిండ్రా?” అని అడిగాడు. “మనకంతటి భాగ్యమెక్కడిది నాయనా, ఎవరూ లేరు” అన్నాను. తెలియదని చెప్పవలసిన చోట లేరని చెప్పాను. ఉపాధ్యాయుడు చేయరాని తప్పు అది.

2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో తులసీదాస్ బలరాం తమ 86వ యేట కన్నుమూశారన్న వార్త చదివినప్పుడుగాని నా తప్పు నాకు తెలిసిరాలేదు.

బలరాం 1936లో సికిందరాబాదు దాపున అమ్ముగూడలో ఒక పేద కుటుంబంలో పుట్టారు. ఇంటి భాష తమిళం. పుట్టి పెరిగిన నేల మాత్రం మనదే. ఆయనలోని ప్రతిభను గుర్తించి తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఈ రహీంగారు కూడా మాలాగే బడిపంతులు. ఆయన శిక్షణలోనే హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 దాకా వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆనాడు భారత జట్టు కూర్చవలసి వస్తే అందరి చూపూ కలకత్తాతో పాటు హైదరాబాదు మీద కూడా పడేది. ఇరవై యేండ్లు నిండగానే బలరాం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. ఆ పోటీలో భారతదేశం నాల్గవ స్థానంలో నిలిచింది.

1957లో ఆయన కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. అంతకు ముందు సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాదు జట్టులో ఆడినవారు, అటుపై బెంగాల్ పక్షాన కూడా అదే ట్రోఫీ అందుకొన్నారు. ఈస్ట్ బెంగాల్‌కు నూరుకు పైగా గోల్స్ చేశారు. (‘గోలు’కు తెలుగు బహువచనం వ్రాయబోతే ‘గోళ్ళు’ అవుతుంది, కనుక ఈ ఒక్కచోట ఆంగ్ల వ్యాకరణానికే తలవంచాను.) ఆయన నాయకత్వంలో 1961లో ఆ క్లబ్బు కలకత్తా లీగు గెలిచింది. ఆ యేడు 23 గోల్స్‌తో లీగులో అగ్రస్థానం కూడా ఆయనదే.

ఇక ఆ పిల్లవాడి ప్రశ్నకు అసలైన జవాబు 1960 నాటి రోమ్ ఒలింపిక్స్‌లో ఉంది. భారతదేశం పడిన వర్గంలో హంగరీ, ఫ్రాన్సు, పెరూ ఉన్నాయి. మొదటి ఆట హంగరీతో. వారి పక్షాన గోలు చేసినవారిలో ఒకడైన ఫ్లోరియన్ ఆల్బర్ట్ తరువాత 1967లో ఐరోపా ఉత్తమ ఆటగాడయ్యాడు. రెండు గోల్స్ వెనుకబడి ఉండగా 79వ నిమిషంలో బలరాం ఒకటి తిరిగి ఇచ్చారు. మనవాళ్ళు 1-2తో ఓడారు. ఆ హంగరీయే కాంస్యం గెలిచింది. ఫ్రాన్సుతో ఆట 1-1గా ముగిసింది. ఆ గోలు కెప్టెన్ పి.కె. బెనర్జీది. పెరూతో 1-3గా ఓడినప్పుడు మన ఒక్క గోలూ మళ్ళీ బలరాందే. రోమ్‌లో దేశం చేసిన గోల్స్ మొత్తం మూడు. అందులో రెండు అమ్ముగూడ కుర్రవాడివి. నేను “ఎవరూ లేరు” అన్నది ఈయన గురించే.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో థాయిలాండ్ మీదా జపాన్ మీదా గోల్స్ చేశారు. సెప్టెంబరు 4న ఫైనల్. రాజకీయ కారణాల వల్ల ప్రేక్షకులందరూ మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. అయినా 2-1తో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం తెచ్చారు. మైదానంలో బలరాం, యూసుఫ్ ఖాన్. బయట కేన్సరుతో పోరాడుతూ రహీంగారు. ముగ్గురూ హైదరాబాదువారే. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం రాలేదు.

1963 జూన్‌లో రహీంగారు కాలం చేశారు. అదే యేడు బలరాం బి.ఎన్.ఆర్. రైల్వే జట్టులో చేరారు. ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానుకోవలసి వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు సుమారు 27 యేండ్లే. తక్కిన జీవితం హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో గడిచింది.

చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం — భారత ఫుట్‌బాల్‌లో త్రిమూర్తులని ఈ ముగ్గురికీ పేరు. అర్జున పురస్కారం ముగ్గురికీ వచ్చింది, బలరాంకు 1962లో. చునీకి 1983లో, పీకేకు 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. ఆ బాధ ఆయన దాచుకోలేదు కూడా. అయితే పద్మశ్రీ ఇవ్వనివారిని తప్పుపట్టే ముందు మన సంగతి చూసుకోవద్దా? బెంగాల్ ఆయనను తనవానిగా చేసుకొన్నది. మనమో, కలకత్తా వెళ్ళినవాణ్ణి మనవాడు కాదన్నట్లు మరచిపోయాము. రహీంగారి మీద 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది. మన బళ్ళలో మాత్రం ఈ గురుశిష్యుల పేర్లు చెప్పిన పంతుళ్ళు ఎందరు? నేనైతే చెప్పలేదు.

2024 సెప్టెంబరులో గచ్చిబౌలిలో భారతదేశం సిరియా చేతిలో 0-3తో ఓడింది. ఆ రాత్రి నాకొక ఫోను వచ్చింది. అదే పిల్లవాడు. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం, ఇద్దరు బిడ్డల తండ్రి. ఆట చూసి వస్తున్నాడట. “మూడు గోల్స్ ఏసిండ్రు సార్” అన్నాడు దిగులుగా. అప్పుడు చెప్పాను రోమ్ సంగతి, ఇరవై యెనిమిదేండ్ల ఆలస్యంగా. అంతా విని, “అమ్ముగూడ అంటే మన సికిందరాబాద్ కాడనే గద సార్!” అన్నాడు. కాసేపటికి, “అప్పుడే చెప్పుంటే బాగుండేది సార్” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మీ ఇండ్లలో బలరాం ఆటను కళ్ళారా చూసిన పెద్దలు ఇంకా ఉంటే, దయచేసి వారు చెప్పింది చెప్పినట్లు వ్రాసిపెట్టండి. వాళ్ళు కూడా ఎంతోమంది మిగిలి ఉండరు.