భారజలమూ, గాయపడే సిలికానూ

మణుగూరు నుంచి భద్రాచలం వెళ్ళే బస్సు అశ్వాపురం దాటేటప్పుడు అడవి మీదుగా కనిపించే పొడవాటి స్తంభాలు సింగరేణివేనని చాలాకాలం భ్రమపడ్డాను. అవి 1991లో మొదలైన భారజల కర్మాగారానివి. మావాళ్ళు 'హెవీవాటరు' అని ఒక్కముక్కలో తేల్చేసేవారు. నీటిలో దాదాపు ఏడువేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి మాత్రమే బరువైనది, డ్యుటీరియం. గోదావరి నీటి నుంచి దానిని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు సాయంతో ఏరి చిక్కబరచడమే అక్కడి పని. అణురియాక్టరులో న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి ఆ నీరు కావాలి.

ఈ మధ్య సెర్న్‌లోని సీఎంఎస్ శోధకయంత్రం గురించి చదువుతుంటే ఆ స్తంభాలు మళ్ళీ గుర్తుకొచ్చాయి. అక్కడి తగువు కూడా న్యూట్రాన్ల వేగంతోనే.

ఈ కథకు మొదలు 1942. షికాగోలో తొలి రియాక్టరు రూపుదిద్దుకొంటున్న రోజుల్లోనే యూజీన్ విగ్నర్ ఒక ముప్పును ఊహించాడు. వేగంగా వచ్చిన న్యూట్రాన్ గ్రాఫైటులోని పరమాణువును గుద్ది చోటు తప్పిస్తుంది. అలా చెదిరిన వరుసల్లో శక్తి పేరుకొంటుంది. 1957లో ఇంగ్లండులోని విండ్‌స్కేలులో ఆ శక్తిని వదిలించబోగా రియాక్టరుకే నిప్పంటుకొంది. భారజలానికి ఈ బెడద లేదు. ద్రవంలో చెదరడానికి వరుసలేవీ?

సిలికాన్ మాటేమో పూర్తిగా వేరు. దాని విలువంతా ఆ వరుసల్లోనే ఉంది. సీఎంఎస్‌లో 2009లో అమర్చిన ప్రీషవర్ అనే భాగంలో 4288 సిలికాన్ పలకలున్నాయి, ఒక్కొక్కటి 63 మిల్లీమీటర్ల చదరం. వాటిలో సుమారు వెయ్యి మనదేశానివి. భాభా అణుపరిశోధన కేంద్రం కోసం బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో తయారైనవి. న్యూట్రాన్ తగిలి ఒక పరమాణువు చోటు తప్పితే అక్కడొక ఖాళీ, మరోచోట ఒక చొరబాటు మిగులుతాయి. ఇవి పెరిగేకొద్దీ కణం రాకపోయినా కరెంటు కారుతుంది, పలకకు ఇవ్వవలసిన వోల్టేజి పెరుగుతుంది, అసలు సంకేతం దారిలోనే చిక్కుకుపోతుంది. కారే కరెంటు పలకను వేడెక్కిస్తుంది, వేడి ఆ కరెంటును ఇంకా పెంచుతుంది. అందుకే వాటిని మైనస్ 10 డిగ్రీల చలిలో ఉంచారు.

నన్ను ఆకట్టుకొన్నది మాత్రం రెండో ఉపాయం. సిలికాన్ పరమాణువును కదిలించడానికి సుమారు 25 ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి కావాలి. న్యూట్రాన్ ఒక్క గుద్దులో తన శక్తిలో 13 శాతానికి మించి దానికి ఇవ్వలేదు. లెక్కవేస్తే, 190 ఎలక్ట్రాన్‌వోల్టులకన్నా మందగించిన న్యూట్రాన్ గుద్దినా పరమాణువు చోటు తప్పదు! కనుక పలకల పక్కనే హైడ్రోజన్ నిండిన పాలిథిన్ దిమ్మెలు పెట్టారు. అయితే భారజలం ఎందుకు పెట్టలేదు? రియాక్టరుకు న్యూట్రాన్ మందగించాలి కాని మాయమవకూడదు. డ్యుటీరియం దానిని మింగదు గనుక అంత ఖరీదు. ఇక్కడ మింగేస్తేనే మేలు. మామూలు హైడ్రోజనే చాలు, దానికి తోడు బోరాన్.

అన్ని జాగ్రత్తలతోనూ ఆ పలకలు పదేళ్ళలో, అతి తీవ్రమైన చోట, చదరపు సెంటీమీటరుకు 2 పక్కన 14 సున్నాలన్ని న్యూట్రాన్లు తట్టుకోవాలన్నది నాటి అంచనా. తీవ్రత పెంచిన ఎల్‌హెచ్‌సీ తరువాతి దశలో అంతకు ఎన్నో రెట్లు పడతాయి. అందుకే ప్రీషవర్‌నూ దాని వెనుకనున్న కెలోరిమీటర్లనూ తీసేసి, మైనస్ 30 డిగ్రీల వద్ద పనిచేసే కొత్త సిలికాన్ కెలోరిమీటరు పెట్టాలని నిశ్చయించారు. బెంగళూరు పలకలకు అక్కడితో సెలవు.