యంత్రం నుదుటి రాత

వర్క్‌షాపులో పాత మోటారు దగ్గరికి వెళ్లిన మెకానిక్ ముందు ఏం చేస్తాడో గమనించండి. బొటనవేలితో ఓ చిన్న రేకును తుడుస్తాడు. ఒంటినిండా గ్రీజు పట్టినా, రంగు పెచ్చులుగా ఊడినా, హార్స్‌పవర్ ఎంతో, వోల్టులెన్నో, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ రేకు చెబుతుంది. బ్రష్షుతో రాసిన రాతైతే నూనెగుడ్డకు ఎప్పుడో ఆహుతయ్యేది. లోహం పైన ఉన్న అక్షరం పోతుంది, లోహంలోకి దిగిందే నిలుస్తుంది. నేమ్‌ప్లేటు కథంతా ఆ దిగడం గురించే.

రాపిడి సంగతి మన తామ్రశాసనాలు చేసినవాళ్లకూ తెలుసు. అక్షరాలు చెక్కి ఊరుకోలేదు, చాలా రేకులకు అంచులు కాస్త పైకి లేపారు. రేకు మీద రేకు పడినా ఒరుసుకునేది అంచులే. అయితే ప్రతి అక్షరమూ చేత్తో చెక్కాల్సిందే.

ఆ ఉలి పనిని ఆమ్లానికి అప్పగించినవాళ్లు ఐరోపాలో కవచాలు చేసే పనివాళ్లు. ఇనుము మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, ఆమ్లం తగిలిస్తే గీత ఉన్నచోటే ఇనుము కరిగేది. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో డేనియల్ హోప్ఫర్ 1500 ప్రాంతంలో ఇదే ఒడుపుతో ఇనప రేకుల మీద బొమ్మలు దించి, కాగితం మీద అచ్చులు తీశాడు.

తర్వాత సూది పనిని వెలుతురు అందుకుంది. డైక్రోమేట్ కలిపిన జెలటిన్‌కు వెలుతురు తగిలితే గట్టిపడి, నీటికి కరగదు. ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ 1852లో ఈ గుణం మీదే పేటెంటు తీసుకున్నాడు. గట్టిపడినచోట పూత ద్రావణాన్ని ఆపుతుంది, మిగతాచోట దారి ఇస్తుంది. 1858 నాటి పద్ధతిలో ఆయన వాడిన ఫెర్రిక్ క్లోరైడ్‌నే ఇప్పటికీ ఇత్తడి రేకులు తొలచడానికి వాడుతున్నారు. పల్లం పడిన అక్షరాల్లో నల్లరంగు నింపి, పైన ఎమరీ కాగితంతో రుద్దితే, పల్లంలోని రంగు అలాగే ఉంటుంది.

మరి ఎర్ర హెచ్చరిక, పచ్చ బటన్ పేరు? ఆ రంగులకు దారి సముద్రం మీదుగా వచ్చింది. నీటి మీద దిగే విమానాల డ్యూరాల్యుమిన్ భాగాలను ఉప్పునీరు తినేస్తుంటే, 1923లో బ్రిటన్‌లో బెంగఫ్, స్టువర్ట్ వాటిని క్రోమిక్ ఆమ్లంలో ముంచి కరెంటు పెట్టారు. అల్యూమినియం మీద గట్టి ఆక్సైడ్ పొర పేరుకుంది. 1927లో సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చేసే పద్ధతికి పేటెంటు వచ్చింది. ఆ పొర నిండా కంటికి కనబడని రంధ్రాలు. అద్దకం తొట్టిలో వేస్తే నూలుగుడ్డలా రంగు పీల్చుకుంటుంది. ఆపైన మరిగే నీళ్లలో ఉంచితే ఆక్సైడ్ నీరు పట్టి, నానిన పప్పులా ఉబ్బి, రంధ్రాల మూతులు మూసుకుంటాయి. రంగు లోపల బందీ. మరిగించడం ముందు, అద్దకం తర్వాత అయితే పని చెడినట్టే.

ఇప్పుడు ఇంట్లో లేత్ పెట్టుకున్నవాళ్లు లేజర్ ప్రింటు కాగితాన్ని ఇత్తడి రేకు మీద బోర్లించి ఇస్త్రీపెట్టెతో అదుముతున్నారు. టోనర్ కరిగి రేకుకు అంటుకుంటుంది. అది ప్లాస్టిక్ కాబట్టి ఫెర్రిక్ క్లోరైడ్‌ను దగ్గరకు రానివ్వదు. హోప్ఫర్ రోజుల్లో మైనం చేసిన కాపలా పనే ఇదీ. నుదుటి రాత చెరగదంటారు. యంత్రానికి మాత్రం ఆ రాతను మనమే తొలిచి పెట్టాలి.