పళ్ళిపట్టు నుంచి రెండు రాష్ట్రాలు

మా తాత ఊరు మారలేదు, రాష్ట్రమే మారింది. పళ్ళిపట్టు దగ్గర ఆయనకున్న రెండెకరాలకు శిస్తు రసీదులు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. పాతవి తెలుగులో, తర్వాతివి తమిళంలో. అన్నిటి మీదా ఒకటే సంతకం, తెలుగులో.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మా పళ్ళిపట్టు వైపున్న తిరుత్తణి ప్రాంతం అందులో చేరింది. 1953లో ఆంధ్రరాష్ట్రం రాగానే గొడవ ముదిరింది. తిరుత్తణి మాదేనని తమిళ నాయకుడు మ.పొ. శివజ్ఞానం ఉద్యమం నడిపారు. మావాళ్ళూ ఊరుకోలేదు. చివరికి పటాస్కర్ మధ్యవర్తిగా వచ్చి గ్రామాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. ఏ ఊళ్ళో ఏ భాషవారు ఎక్కువ, ఆ ఊరు హద్దుకు ఆనుకుని ఉందా అని లెక్క చూశారు. 1959లో చట్టమైంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. బదులుగా సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది.

గీత గీయడం ఒక ఎత్తు, పాలన నడపడం మరో ఎత్తు. అప్పటిదాకా చిత్తూరు వెళ్ళి కలెక్టరు కచేరీలో అర్జీ పెట్టుకున్న మనిషి ఇకమీదట చెంగల్పట్టు జిల్లా కచేరీకి వెళ్ళాలి. 1997లో తిరువళ్ళూరు జిల్లా అయ్యాక ఆ దూరం తగ్గింది.

తెలుగింట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ది తిరుత్తణే. ఇక్కడి ఇళ్ళలో తెలుగు ఇంకా వినిపిస్తూనే ఉంది. హద్దుకు ఇటూ అటూ ఉన్న ప్రభుత్వాలను అడిగేది ఒక్కటే: అల్పసంఖ్యాక భాష పిల్లలకు బడిలో ఆ భాష చెప్పే పంతుల్ని వేయండి.