ఫైరింజను రాకముందు

సుల్తాన్ బజారుకి చీరలకో, జాకెట్టు గుడ్డలకో వెళ్ళనివాళ్ళు మన చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో ఎవరూ ఉండరనుకుంటాను. బేరం మంచి పాకాన ఉన్నప్పుడు తలెత్తి పైకి చూసే తీరిక ఎవరికుంటుంది? అయినా ఈసారి వెళ్ళినప్పుడు ఒక్కమాటు చూడండి. కింద కొట్లు, పైన సరుకు నిలవ చేసే గదులు, ఆపైన సంసారాలు, వీటన్నిటి మధ్యా చిక్కుపడ్డ నూలులా కరెంటు తీగలు. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒదగాల్సిన సందులు. ఇక్కడ నిప్పంటుకుంటే ఫైరింజను ఎక్కడిదాకా రాగలదు? అది వచ్చేలోగా ఎవరేం చేయాలి? ఇవాళ నేను చెప్పబోయేది ఆ 'వచ్చేలోగా' అన్నదాని చరిత్ర.

మన బజారుకి ఈ పేరు వచ్చింది 1933లో. అంతకుముందు ఇది రెసిడెన్సీ బజారు, ఇంగ్లీషువారి అజమాయిషీలో ఉండేది. వాళ్ళు నిజాంకి తిరిగి అప్పగించాక సుల్తాన్ బజారయింది. ఆ రెసిడెన్సీ భవనమే కోఠీలో మన ఆడపిల్లలు చదువుకునే కాలేజీ అయింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరిట విశ్వవిద్యాలయం కూడా అయింది. పేరు మారిన మూడేళ్ళకి, 1936లో, నగరంలో మోతీ మహల్ అనే సినిమా హాలు తగలబడింది. సినిమా చూడ్డానికి వెళ్ళిన ఆడవాళ్ళు అందులో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రోజుల్లో సినిమా ఫిలిమే అగ్గిపుల్లలాంటిది, నైట్రేటుతో చేసేవారు, ఒకసారి అంటుకుంటే ఆరేది కాదు. చిన్న పిల్లాణ్ణి చంకనేసుకుని సరదాగా వెళ్ళిన ఇల్లాలికి తలుపు ఏ పక్కనుందో ఎవరు చెబుతారు? ఇప్పటికీ మనం హాల్లోకి వెళ్ళగానే సీటు నంబరు వెతుక్కుంటాం గానీ, బయటికి పోయే దారి వెతకం.

పట్నంలో మంట మూసిన తలుపుల వెనకాల పుడుతుంది. పల్లెలో మంట గాలి మీద నడుస్తుంది. ఈ రెండోదాని గురించి నాకు మా అమ్మమ్మ నోట విన్న సంగతులు కొన్ని ఉన్నాయి. ఆవిడది కృష్ణా జిల్లాలో చిన్న ఊరు. ఊళ్ళో నాలుగైదు పెంకుటిళ్ళు పోగా మిగిలినవన్నీ పూరిళ్ళే, తాటాకు కప్పులు. చైత్ర వైశాఖాల్లో ఆ ఆకు అప్పడంలా ఎండి ఉంటుంది. దానికితోడు మధ్యాహ్నం వేళ వడగాడ్పు. అందుకని ఆ నెలల్లో పొద్దెక్కకముందే వంట ముగించి, పొయ్యిలో నీళ్ళు చిలకరించి, బూడిద కప్పేసేవారట. అగ్గిపెట్టె పొదుపుగా వాడే కాలం కదా, పక్కింటావిడ పిడక పట్టుకుని నిప్పుకని వచ్చేది. ఉదయం అయితే కాదనకుండా ఇచ్చేవారు. ఎండ నడినెత్తికి వచ్చాక వేలువిడిచిన మేనత్త వచ్చి అడిగినా నిప్పు ఇచ్చేవారు కాదు, పిసినారితనం అని ఎవరూ అనుకునేవారూ కాదు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట మరొకడు అన్న సామెత మనకి ఊరికే పుట్టలేదు. ఇదంతా పాతకాలపు చాదస్తం అనకండి. 2016 ఏప్రిల్‌లో బీహారు ప్రభుత్వం పల్లెల్లో ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా పొయ్యి వెలిగించవద్దని ఉత్తరువే ఇచ్చింది. మా అమ్మమ్మ ఊళ్ళో ఉత్తరువు అక్కర్లేకపోయింది.

అయినా మంట పుట్టనే పుడుతుంది. అప్పుడు డప్పు మోగేది. మగవాళ్ళు నిచ్చెనలు, గొడ్డళ్ళు, చివర కొక్కెం కట్టిన వెదురుగడలు తెచ్చేవారు. ఆడవాళ్ళు నూతి దగ్గర్నుంచి వరస కట్టి బిందెలు అందించేవారు. తడిపిన గోనె పట్టాలు పక్కిళ్ళ కప్పుల మీద పరిచేవారు. పశువుల పలుపులు కోసి తోలెయ్యడం పిల్లల పని. జీతం లేదు, యూనిఫారం లేదు, పేరు లేదు. అయినా అది ఫైర్ డిపార్టుమెంటు కాదని ఎవరనగలరు?

ఇందులో నీళ్ళు పొయ్యడం కంటే కష్టమైన పని ఇంకొకటుంది. అంటుకున్న ఇంటిని వదిలేసి, గాలివాటున ఉన్న, ఇంకా అంటుకోని ఇంటి కప్పు లాగెయ్యాలి. మధ్యన ఆకు లేకుండా జాగా చేస్తే మంట అక్కడ ఆగిపోతుంది. వినడానికి సులువే! కానీ ఆ ఇల్లు ఒకరిది. ఆ ఇంటావిడ గుమ్మంలో నిలబడి గుండెలు బాదుకుంటుంటే పైకెక్కి కప్పు పీకడం ఎవరికి చేతనవుతుంది? మా అమ్మమ్మ ఊళ్ళో చేతనయేది. ఎందుకంటే మర్నాడు తెల్లారేసరికి ఇంటికింత ఆకు, ఇంటికో మనిషి చొప్పున వచ్చి ఆ ఇల్లు తిరిగి కప్పి ఇచ్చేవారు. కాలిన ఇంటికంటే ముందు పీకిన ఇల్లు కప్పాలన్నది కట్టుబాటు. ఆ భరోసా ఉండబట్టే ఆవిడ ఏడుస్తూనే పక్కకి తప్పుకునేది.

ఈ భరోసా లేక లండన్ మహానగరం ఏమయిందో చూడండి. 1666 సెప్టెంబరులో ఒక రొట్టెల దుకాణంలో నిప్పు పుట్టింది. వాళ్ళకీ ఇళ్ళు లాగే కొక్కేలు ఉన్నాయి. ఆ పని చేయించవలసిన నగరాధ్యక్షుడు, ఇంటివాళ్ళు ఒప్పుకోకపోతే నష్టం ఎవరిస్తారని వెనకాడాడు. నాలుగు రోజులు మండింది, పదమూడు వేలకు పైగా ఇళ్ళు పోయాయి. అమెరికాలో ఫిలడెల్ఫియా అనే ఊళ్ళో 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆయన స్నేహితులు కలిసి ముందుగానే ఒప్పందం రాసుకున్నారు. ఒక్కొక్కరూ తోలు బొక్కెనలు, సామాను సర్దడానికి గట్టి నారగుడ్డ సంచులు ఇంట్లో సిద్ధంగా ఉంచుకోవాలి, ఎవరింట మంట పుట్టినా పరుగెత్తాలి. ఆ దేశంలో నేటికీ మంటలార్పేవాళ్ళలో ఎక్కువమంది జీతం లేని గ్రామస్థులే. ఇంగ్లండులో గర్టన్ అనే ఆడపిల్లల కాలేజీ ఊరికి దూరంగా ఉండేది. మంట వస్తే పట్నం నుంచి ఇంజను వచ్చేదెప్పుడని, 1878లో ఆ పిల్లలే దళం కట్టి, లండన్ అగ్నిమాపక దళం అధికారి చేత శిక్షణ ఇప్పించుకున్నారు. యాభై ఏళ్ళకు పైగా నడిపారు. పాదాల దాకా గౌన్లు వేసుకునే కాలంలో! చీరతో ఏం చేయగలం అనే మాట మనం మానుకోవచ్చు.

మన పల్లెల గురించి తియ్యగా చెప్పి ఊరుకోవడం నాకిష్టం లేదు. కట్టుబాటు అందరికీ ఒకేలా ఉండేది కాదు. మాలపల్లె, మాదిగపల్లె ఊరికి దూరంగా, ఇరుకు జాగాలో, చూరుకి చూరు తగిలేటట్టు ఉండేవి. ఒక గుడిసె అంటుకుంటే వాడంతా పోయేది. ఊరి నూతిలో చేద వేసే హక్కు వాళ్ళకి లేదు. మంట వేళ ఆ నూతి నుంచి ఎన్ని బిందెలు అటు వెళ్ళాయో అమ్మమ్మని నేను అడిగాను. ఆవిడ జవాబు చెప్పలేదు.

సర్కారు తరఫున ఏర్పాట్లు మెల్లమెల్లగా వచ్చాయి. 1942 ఏప్రిల్ 6న జపానువాళ్ళు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశారు. మంటంటే ఒక ఇంటి ఖర్మ కాదు, దేశం సంగతి అని కోస్తా జనానికి ఆ రోజున తెలిసొచ్చింది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలుడు సామగ్రి నింపిన ఓడ పేలి, ఆర్పడానికి వెళ్ళిన అగ్నిమాపక సిబ్బంది 66 మంది చనిపోయారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి జరిపే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ళ జ్ఞాపకార్థమే. 1956లో రాష్ట్రం ఏర్పడ్డాక ఆంధ్ర, తెలంగాణా దళాలు ఒక్కటయ్యాయి. దానికంటూ ప్రత్యేక చట్టం మాత్రం 1999 దాకా రాలేదు.

నన్నడిగితే పల్లె మంటల్ని తగ్గించినదాంట్లో ఇంజనుకంటే ఇంటి కప్పుది పెద్ద పాత్ర. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వచ్చింది, తర్వాత పక్కా ఇళ్ళ పథకాలు వరసగా వచ్చాయి. తాటాకు పోయి శ్లాబు వచ్చింది. 1999లో దీపం పథకంతో గ్యాసు పొయ్యి పల్లెకి చేరింది. మంట కప్పు మీంచి దిగి వంటింట్లో కూచుంది.

వంటింటి మంట అంటే మన తరం వాళ్ళకి ఇంకో సంగతి గుర్తొస్తుంది. కిరసనాయిలు పంపు స్టవ్వుల రోజుల్లో "స్టవ్ పేలి కోడలి మృతి" అని పేపర్లో రెండు లైన్లు పడేవి. స్టవ్వు అత్తగారిని, ఆడపడుచుని వదిలేసి కోడలినే ఎంచుకుని ఎందుకు పేలేదో ఎవరూ అడిగేవారు కాదు. 1983లో వేధింపులకు, 1986లో వరకట్నపు చావులకు చట్టంలో సెక్షన్లు చేర్చాక గానీ ఆ ప్రశ్న కోర్టు దాకా పోలేదు. పొరుగింటివాళ్ళు కేకలు విని కూడా "వాళ్ళింటి గొడవ" అని కిటికీ మూసుకున్న సందర్భాలు మనకి తెలియనివి కావు.

2019 జనవరి 30 రాత్రి నాంపల్లి నుమాయిష్‌లో వందల కొట్లు కాలిపోయాయి. అదృష్టవశాత్తూ ప్రాణనష్టం లేదు. తర్వాతి ఏడు కొట్ల సంఖ్య తగ్గించి, మధ్యన జాగా వదిలారు. కొక్కెం గడతో మా అమ్మమ్మ ఊరివాళ్ళు చేసిన పనే అది, కాకపోతే ముందుగా చేశారు. 2025 మే 18 ఆదివారం తెల్లవారు జామున చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక పాత ఇల్లు అంటుకుంది. ఒక్క కుటుంబంలో 17 మంది పోయారు, అందులో ఎనిమిది మంది చిన్నపిల్లలు. కింద నగల కొట్లు, పైన కాపురం, లోపలికీ బయటికీ ఇరుకైన దారి ఒక్కటే. చాలామందిని చంపింది మంట కాదు, పొగ. ముందుగా పరుగెత్తి వచ్చి షట్టరు, గోడ పగలగొట్టి లోపలికి పోవాలని చూసింది ఆ చుట్టుపక్కలవాళ్ళే. పీడకలలాంటి ఆ పది నిమిషాల్లో వాళ్ళు చేయగలిగిందంతా చేశారు. గోడ మాత్రం ముందురోజు ఎవరూ తియ్యలేరు కదా.

మన అపార్టుమెంట్లలో దొంగల భయానికి బాల్కనీలకి గ్రిల్లు పెట్టిస్తాం, మెట్ల కింద పాత పరుపులూ, సైకిళ్ళూ సర్దుతాం, మేడ మీది తలుపుకి తాళం వేసి చెవి వాచ్‌మన్‌కి ఇస్తాం. వాచ్‌మన్ ఊరెళ్తాడు. మా మెట్ల మీద ఆరుగురం ఆడవాళ్ళం ఒక ఆదివారం కూచుని మాట్లాడుకున్నాం. మేడ తలుపుకి లోపల గడియ మాత్రమే ఉండాలని, గ్రిల్లులో ఒక పక్క తెరుచుకునే తలుపు పెట్టించాలని, మంచం పట్టిన మామగారు ఏ ఫ్లాటులో ఉన్నారో అందరికీ తెలిసి ఉండాలని అనుకున్నాం. మెట్ల కింది పరుపుల దగ్గర మాత్రం గట్టి పోట్లాటే జరిగింది. నాలుగు వారాలు పట్టింది అవి కదలడానికి.

ఇక చిన్న సంగతులు, పెన్సిలు దగ్గరుంటే రాసుకోండి. గ్యాసు గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్చి వెయ్యకండి, తియ్యకండి. రెగ్యులేటరు కట్టేసి తలుపులు, కిటికీలు తెరవండి. బయటికి వచ్చి 1906కి ఫోను చెయ్యండి. మంటకి 101, లేదా 112. ఒంటి మీది చీర అంటుకుంటే పరుగెత్తకూడదు, నేల మీద దొర్లాలి, పక్కనున్నవాళ్ళు దుప్పటి కప్పాలి. కాలినచోట సిరా, పేస్టు, వెన్న రాయకండి. కుళాయి ధార కింద ఇరవై నిమిషాలు ఉంచి, ఆ తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఇరవై నిమిషాలంటే చాలాసేపు అనిపిస్తుంది. గడియారం చూసి మరీ ఉంచండి.