ఓడ నెక్కి పోయిన అవ్వ

మన వంశవృక్షములలో తాతముత్తాతల పేర్లు కలవుగాని అవ్వల పేర్లు అరుదు. అయినను సముద్రము దాటిన పేద స్త్రీ పేరు దొరతనమువారి చిట్టాలో నిలిచినది.

1860 నవంబరు 16వ తేదీన మదరాసునుండి ‘ట్రూరో’ అను ఓడ దక్షిణాఫ్రికాలోని దర్బాను రేవు చేరినది. నాటినుండి 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా నేటాలు సీమకు పోయిరి. వారిలో తెలుగు స్త్రీలును కలరు. ఒక్కొక్కరికి ఒక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, దేహముపైని గుర్తులు వ్రాసికొనిరి.

వారి మునిమనుమలు నేడు పూర్వుల ఊరు వెదకునప్పుడు ఒక చిక్కు కలదు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. అంతకుముందు మదనపల్లె కడప జిల్లాలోను, పుంగనూరు ఉత్తరార్కాటు జిల్లాలోను ఉండెను. కావున చిత్తూరు పేరిట మాత్రమే వెదకినచో మన ప్రాంతపు అవ్వ కానరాకపోవచ్చును. పైగా గుమాస్తాలు చెవికి వినబడినట్లు ఇంగ్లీషున వ్రాసిన ఊరిపేరు బిగ్గరగా చదివినగాని తెలియదు. ఆ పలుకును గుర్తింపగలవారు ఇచటి వృద్ధులే.

పాఠకులారా! మీ పెట్టెలలోని పాత దస్తావేజులను, ఉత్తరములను వెలికి తీయుడు. వానిలోని ఆడువారి పేర్లను ఒక పుస్తకమున వ్రాసి గ్రంథాలయమున నుంచుడు. ఏనాడో వెడలిన ఆడపడుచు పుట్టింటికి త్రోవ అదియే.