ఇంట్లో సీసపు గుండ్ల పోత

తూటా కొసన ఉండి గురి వైపు దూసుకుపోయే గుండును, కరిగిన సీసంతో ఎవరికి వారు అచ్చులో పోసుకునే పని ఇది. నేడు ప్రధానంగా అమెరికాలో, గురికాల్పు అభిమానుల వ్యాపకంగా సాగుతోంది.

18వ శతాబ్దంలో ఇది సరదా కాదు, అవసరం. తుపాకుల కొలతలు ఒక్కోటి ఒక్కోలా ఉండేవి కనుక తుపాకీతో పాటు దానికి సరిపడే అచ్చు కూడా చాలామంది దగ్గర ఉండేది. అమెరికా స్వాతంత్ర్య పోరు రోజుల్లో, 1776 జులై 9న న్యూయార్కులోని బౌలింగ్ గ్రీన్‌లో బ్రిటన్ రాజు మూడో జార్జి సీసపు విగ్రహాన్ని జనం కూలదోశారు. దాని ముక్కలు చాలావరకు కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌కు చేరాయి. అక్కడ స్థానిక ప్రముఖుడు ఆలివర్ వోల్కాట్ కుటుంబంలోని ఆడవాళ్ళు, పిల్లలు, ఇరుగుపొరుగు కలిసి వాటితో 42,088 గుండ్లు పోసినట్టు లెక్క రాసి ఉంది. రాజుగారి విగ్రహం రాజుగారి సైన్యం మీదికే పోయిందన్నమాట. 1882లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఎడువార్డ్ రూబిన్ రాగి తొడుగు గుండు రూపొందించాక సైన్యాలు క్రమంగా వట్టి సీసాన్ని వదిలేశాయి. వేగం పెరిగితే మెత్తటి సీసం గొట్టం లోపలి గాడులకు అంటుకుపోతుంది. అందుకే ఇప్పుడు ఇంటి పోత ఎక్కువగా పిస్తోళ్ళకు, తక్కువ వేగపు రైఫిళ్ళకు, మూతి నుంచి మందు కూరే పాతరకం తుపాకులకు పరిమితం.

పనితనమంతా మిశ్రమంలోనే ఉంది. శుద్ధమైన సీసం కాఠిన్యం బ్రినెల్ కొలతలో సుమారు 5. మందు కూరే తుపాకులకు అదే మేలు. మిగతావాటికి గట్టిదనం కోసం ఆంటిమొనీ, అచ్చు మూలమూలకూ పారడానికి తగరం కలుపుతారు. మన ఊళ్ళలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేది ఈ తగరంతోనే. లైమన్ కంపెనీ పేరుతో చలామణీ అయ్యే రెండో నంబరు మిశ్రమంలో సీసం 90, తగరం 5, ఆంటిమొనీ 5 పాళ్ళు. కాఠిన్యం సుమారు 15. ముద్రణ యంత్రాల లైనోటైపు లోహం ఇంకా గట్టిది.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పోతకు సాధారణంగా 370 ప్రాంతం చాలు. కొత్తవారికి విద్యుత్ కొలిమి, ఉష్ణమాపకం, రెండు గుండ్ల అల్యూమినియం అచ్చు సరిపోతాయి. కరిగిన లోహంలో కాస్త మైనమో రంపపు పొట్టో వేసి కలిపి, పైకి తేలిన తెట్టు తీసేస్తారు. అచ్చు చల్లగా ఉంటే గుండు మీద ముడతలు పడతాయి, మరీ వేడెక్కితే మంచు పట్టినట్టు తెల్లబారుతుంది. ముడతల గుండ్లను తిరిగి కొలిమిలోకే వేస్తారు. తెల్లబారినవి చూడ్డానికి బాగుండకపోయినా చాలావరకు పనికొస్తాయి. ఆ తర్వాత కొలతకు సరిచేసి మైనపు పూతో పొడి రంగు పూతో వేస్తారు.

ప్రమాదం విషయంలో చాలామంది పొగకే భయపడతారు. నిజానికి సీసం మరిగేది 1,749 డిగ్రీల దగ్గర. పోత వేడిలో ఆవిరి అత్యల్పం. అసలు శత్రువు తెట్టు తీసేటప్పుడు లేచే బూడిదరంగు దుమ్ము. అది చేతుల నుంచి నోటికి, బట్టల నుంచి ఇంట్లో పసివాళ్ళకు చేరుతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాబట్టి వంటింట్లోగానీ, వంటగిన్నెల్లోగానీ ఈ పని కూడదు. గాలి ఆడే చోటు, విడిగా ఉతికే బట్టలు, చేతులు కడిగాకే తిండి తప్పనిసరి. రెండో శత్రువు నీళ్ళు. కరిగిన సీసం అడుగుకు ఒక్క బొట్టు చేరినా క్షణంలో ఆవిరై లోహాన్ని మనిషి ముఖాన చిమ్ముతుంది. తడి ముక్కలు వేయకూడదు, కళ్ళజోడు తీయకూడదు. పాత కారు బ్యాటరీల పలకల జోలికే పోరాదు. వాటి తెట్టుకు తడి తగిలితే విషవాయువులు పుట్టవచ్చు.

ఈ వ్యాపకం దశాబ్దాలపాటు టైర్ల దుకాణాలు పారేసే చక్రాల తూకం సరిచేసే సీసపు ముక్కల మీద బతికింది. కాలిఫోర్నియా 2010లో ఆ సీసపు ముక్కలను నిషేధించింది. వాటి స్థానంలోకి ఉక్కు, జింకు వచ్చాయి. సీసంలో జింకు కరిగి కలిసిందంటే ఆ పాత్రెడు లోహమూ దండగే. ఉచిత సీసం తగ్గాక, డబ్బు ఆదా కోసమే ఇందులో దిగాలనే వాదనకు మునుపటి బలం లేదు.

అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం సొంత వాడకానికి పోసుకుంటే లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికైతే కావాలి. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం తూటాల భాగాలనూ మందుగుండుగానే లెక్కిస్తుంది, లైసెన్సు లేకుండా వాటిని తయారుచేయడం నేరం.